వేలాడే మేస్త్రి

మా ఇంటికి వచ్చిన పది నిమిషాల్లోనే ఆయన నా స్నానాల గదిలో తువ్వాలు కడ్డీని గోడలోంచి ఊడబెరికాడు. అది కూడా రెండు వేళ్ళతో. పద్నాలుగేళ్ళుగా నా తువ్వాలు మోసిన కడ్డీ అది. గోడ పొడి రాలుతున్న రెండు బుల్లి స్క్రూలతో సహా దాన్ని తెచ్చి, దిద్దిన పరీక్ష పేపరు ఇచ్చినట్టు నా చేతిలో పెట్టి, "ఇది ఇంట్లో ఉండకూడదు టీచరమ్మా," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా ఇంట్లో ఏముండాలో చెప్పడానికి నువ్వెవరివయ్యా?" అన్నాను. నాకు అందరూ నువ్వే. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఎదుటి మనిషికి అరవై ఏళ్ళున్నా నా కళ్ళకు వెనక బెంచీలో కూర్చున్నట్టే ఉంటాడు. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, గోడకు పడిన రెండు కన్నాల్లోకి చూస్తున్నాడు.

ఆయన్ని అందరూ వేలాడే మేస్త్రి అంటారు. పెద్దవాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళి, స్నానాల గదిలో, మంచం పక్కన, మెట్ల దగ్గర పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించడం ఆయన పని. బిగించడం అయ్యాక కడ్డీ పట్టుకుని రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని వేలాడతాడు. మనిషి ఎనభై కిలోలు ఉంటాడు. ఇరవై లెక్కపెట్టుకుని దిగి, "ఇక మీరు పట్టుకోవచ్చు," అంటాడు. కింది వాటాలో ఉండే రిటైరైన కండక్టరు గారు ఈ సంగతి చెబితే నేను నమ్మలేదు. సర్కస్ మనిషిని పిలిపిస్తున్నావా అని మా అమ్మాయిని వెక్కిరించాను.

వెక్కిరించానే గానీ లోపల నాకు భయంగానే ఉంది. ఆ ఏడాది నేను రెండుసార్లు పడ్డాను. ఒకసారి వంటగదిలో. ఇంకోసారి గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ జారి పడితే మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో గడిపాను. మా అమ్మాయి పావుగంట నడక దూరంలో ఉంటుంది, మందుల దుకాణం నడుపుతుంది. ఒక్కతే కూతురు. కట్టు విప్పిన రోజునే తేల్చి చెప్పేసింది: "ఇంకోసారి పడ్డావంటే నిన్ను అడగను, పెట్టె సర్దేస్తాను." ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ మాత్రం ఓపిక కూడా పోయింది. ఒక సోమవారం ఈ మేస్త్రిని పంపిస్తూ, ఆయన చూసి ఈ ఇంటిని నాకు పనికొచ్చేలా చెయ్యొచ్చు అంటే సరే, లేకపోతే ఆదివారం బండి తెస్తానంది.

మా అమ్మాయి మంచిది. అల్లుడు ఇంకా మంచివాడు, నాతో వాదించడు. మనవరాలి గదిలో నాకు మంచం కూడా వేసి ఉంచారు. కానీ ఆ ఇంట్లో నేను చుట్టాన్ని. ఇక్కడైతే టీ ఎప్పుడు పెట్టుకోవాలో నేను నిర్ణయిస్తాను. రేడియో ఎంత గట్టిగా పెట్టినా ఎవరి చదువూ చెడదు. నా తలుపు గడియ నేనే పెట్టుకుంటాను, నేనే తీసుకుంటాను. డెబ్భై ఆరేళ్ళు వచ్చాక మనిషికి మిగిలేవి ఇలాంటి చిన్న పెత్తనాలే. వాటిని వదులుకోవడం నావల్ల కాదు.

అందుకని ఆ సోమవారం నేను ఒక ఎత్తు వేశాను. నేను గట్టిగా ఉన్నానని ఈ మేస్త్రి చేతే అనిపించాలి. 

ఆయన సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. నిండా సుద్దపొడి. "రెండు అరచేతులకీ రాసుకుని, రోజూ ఎలా తిరుగుతారో అలాగే ఇల్లంతా ఒక చుట్టు తిరిగి రండమ్మా. నేను బయట మెట్ల మీద కూర్చుంటా. నేనున్న సంగతే మర్చిపోండి," అన్నాడు.

సుద్దపొడి నాకు కొత్తా? ఎత్తుగడ ఇట్టే అర్థమైపోయింది. తెలియకుండా నా చెయ్యి ఎక్కడెక్కడ గోడని పట్టుకుంటుందో అక్కడ తెల్లటి గుర్తు పడుతుంది, అక్కడ కడ్డీ పెడతాడు. గుర్తులు ఎన్ని ఉంటే నేను అంత బలహీనురాలినన్నమాట. నా దగ్గరా ఈ కాకిలెక్కలు అనుకున్నాను. రెండు చేతులూ పొట్ట మీద ముడుచుకుని, వంటగది, పడకగది, స్నానాల గది అన్నీ తిరిగి వచ్చాను. తడి నేల మీద ఒకచోట ప్రాణం జారిపోయినంత పనైంది, అయినా చెయ్యి చాచలేదు. తలుపు పిడుల మీద, కుళాయి మీద తప్ప ఇంట్లో ఎక్కడా తెలుపు లేదు.

"పాసా, ఫెయిలా?" అని అడిగాను.

ఆయన గోడలన్నీ చూసి తలూపాడు. "ఒక కప్పు టీ ఇస్తారా అమ్మా?" అన్నాడు. ఇచ్చాను. నిదానంగా తాగాడు. తాగుతూ తన సంగతి చెప్పాడు. ఇరవై రెండేళ్ళు బస్సులకు బాడీ కట్టే వర్క్‌షాపులో చేశాడట. నిలబడ్డ ప్రయాణికులు పట్టుకునే కడ్డీలు బిగించడం ఆయన వంతు. "బ్రేకు పడితే మనిషి ఆలోచించడమ్మా, చెయ్యి ముందే పోతుంది. అది పోయే చోటు మనం కనుక్కోవాలి. మనకి వీలైన చోట పెట్టి ఇక్కడ పట్టుకోండంటే ఏ చెయ్యీ వినదు," అన్నాడు.

కప్పు కడిగి బోర్లించి, సంచిలోంచి టార్చి తీశాడు. దాన్ని ఎదురుగా కాకుండా గోడకు ఆనించి, వెలుగు గోడ వెంట పాకేలా పట్టుకున్నాడు. అంతే, నా పప్పులు ఉడకలేదు. ఏళ్ళ తరబడి నా చేతులు రాసిన రాతంతా బయటపడింది. పడకగది తలుపు చట్రం మీద నా భుజం ఎత్తున రంగు అరిగి నున్నగా మెరుస్తోంది. స్విచ్చి బోర్డు ఒక మూల వదులైంది. ఫ్రిజ్ అంచు మీద జిడ్డు. కిటికీ తెరకు రెండు కొక్కేలు ఊడి ఉన్నాయి. తువ్వాలు కడ్డీ సంగతి సరేసరి, అది మధ్యలో వంగి ఉందని అప్పుడే చూశాను. ఆయన పెన్సిలుతో ఒక్కొక్క చోట సున్నా చుట్టుకుంటూ వెళ్ళాడు. పదకొండు సున్నాలు. నేను పిల్లలకి పెట్టిన సున్నాలన్నీ వచ్చి నా గోడలెక్కాయి.

కాపీ కొట్టి పట్టుబడినట్టు వెనకాలే నడిచాను. మంచానికీ స్నానాల గదికీ మధ్య చిన్న నడవా ఉంది. అక్కడ ఆయన ఉన్నట్టుండి గొంతుక్కూర్చున్నాడు. నేలకి జానెడు ఎత్తున నాలుగు వేళ్ళ మసక గుర్తు. దానికి కొంచెం పైన ఇంకొకటి. ఇంకా పైన, కిటికీ గట్టు కింద, మూడోది. కిందినుంచి పైకి పాకిన చెయ్యి.

"ఇక్కడ పడ్డారు," అన్నాడు. అడగలేదు, అన్నాడు.

ఆ పడటం సంగతి ఎవరికీ తెలియదు. మూడు వారాల కిందట పొద్దున పదకొండింటికి పడుకుని పుస్తకం చదువుతున్నాను. తలుపు బెల్లు మోగితే గబుక్కున లేచాను. కళ్ళు తిరిగాయి. తెరిచి చూస్తే నేల మీద ఉన్నాను. ఎముక విరగలేదు, అదొక్కటే అదృష్టం. ఎలాగో గోడ పట్టుకుని లేచాను. గోడ తుడిచాను కూడా, సరిగ్గా తుడవలేదన్నమాట.

"మా అమ్మాయికి చెప్పకు," అన్నాను.

"నేను చెప్పనమ్మా. అది మీ మాట, మీరే చెప్పాలి. మీరు చెప్పేదాకా మాత్రం ఈ గోడకు కన్నం పెట్టను."

"ఆదివారంలోగా నువ్వు పని మొదలుపెట్టకపోతే నన్ను తీసుకెళ్ళిపోతుంది."

"తెలుసు."

"చెబితే ఇవాళే తీసుకెళ్తుంది."

"అదీ తెలుసమ్మా."

ఏం మనిషి ఇతను అనిపించింది. గట్టిగా అరిచాను కూడా. పనికి పిలిస్తే పని చేసి పోవాలిగానీ ఇంటి సంగతులు నీకెందుకన్నాను. ఆయన నేల మీద కూర్చున్న చోటే ఉండి, కొలతలు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నేను బిగించిన కడ్డీలు పట్టుకుని ఎంతమంది ప్రయాణం చేశారో నాకే తెలీదమ్మా. ఒక్కటీ ఊడలేదు. మా అమ్మ స్నానాల గదిలో తువ్వాలు కడ్డీ మాత్రం రెండు చిన్న స్క్రూలతో బిగించా. తువ్వాలుకి అంతకన్నా ఎందుకనుకున్నా. ఆవిడ రెండేళ్ళుగా దాన్ని పట్టుకునే లేస్తోంది. అంతకు ముందు రెండుసార్లు జారి పడిందట కూడా. చెబితే నేను పని మానుకుని ఇంట్లో కూర్చుంటానని చెప్పలేదు. ఒకరోజు అది ఊడి చేతికొచ్చేసింది. తుంటి విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉండి పోయింది. కడ్డీ ఊడబట్టే పోయిందని అందరూ అంటారు. కాదమ్మా. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు."

చెప్పి లేచి, సంచి భుజాన వేసుకుని, రేపు పదింటికి వస్తానని వెళ్ళిపోయాడు.

మంగళవారం సరిగ్గా పదింటికి వచ్చాడు. "చెప్పారా?" "లేదు." కన్నం పెట్టనన్నాడే గానీ చేతులు ఊరుకోవు కదా. డోర్‌మ్యాట్ తీసి చుట్టి పక్కన పెట్టాడు. నడవాలో గుడ్డిదీపం లాంటి బల్బు మార్చాడు. కాళ్ళకు అడ్డం పడే రేడియో వైరును గోడవారన అంటించాడు. బుధవారం వచ్చి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మోకాలి ఎత్తు కొలిచి, మంచం కాళ్ళు రెండంగుళాలు కోశాడు. అంతవరకూ ఆ మంచం దిగినప్పుడల్లా నా పాదాలు నేల కోసం వెతుక్కునేవని నాకు తెలియనే తెలియదు. లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని చెబితే, "అది నా పని కాదమ్మా, డాక్టరు పని. వాడే మాత్రలన్నీ పట్టుకుని వెళ్ళండి," అన్నాడు. వెళ్ళాను. డాక్టరమ్మ బీపీ మాత్ర మోతాదు తగ్గించి, పడుకుని లేచేటప్పుడు కాసేపు కూర్చుని ఆ తర్వాతే నిలబడమంది.

గురువారం ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. హాలు మధ్యలో నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. "పడ్డాక లేవడం ఎలాగో చూపిస్తా," అన్నాడు. ముందు కంగారు తగ్గేదాకా కదలకూడదు. నొప్పి బాగా ఉంటే అసలు లేవకూడదు, ఫోను చెయ్యాలి. లేకపోతే పక్కకి దొర్లాలి, మోచేతి మీద, తర్వాత మోకాళ్ళ మీద పైకి రావాలి, కుర్చీ దాకా పాకి దాని మీద చేతులు ఆనించి ఒక్కొక్క కాలే లేపాలి. ఆ తర్వాత నన్ను పడుకోమన్నాడు. ముప్పై నాలుగేళ్ళు నిలబడి పాఠం చెప్పిన నేను, నేల మీద పడుకుని పాఠం నేర్చుకున్నాను. మూడోసారికి వచ్చింది. ఆయన పొగడలేదు, "మళ్ళీ," అన్నాడు. మంచి టీచరు ఎలా ఉండాలో నాకు తెలుసు. ఇతను మంచి టీచరు.

కింది కండక్టరు గారిని ఆయన గురించి అడిగాను. కండక్టరు గారి ఇంట్లో కడ్డీలు పెట్టి నాలుగేళ్ళయింది. ఆరు నెలలకోసారి ఎవరూ పిలవకుండానే వస్తాడట. ప్రతి కడ్డీకి వేలాడి చూసి, పడ్డారా అని అడిగి, లేదంటే ఇంకోసారి అడిగి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోతాడట. "ఇంకోసారి ఎందుకడుగుతాడు?" అన్నాను. "మొదటిసారి నేను అబద్ధం చెబుతాను కాబట్టి," అన్నారు కండక్టరు గారు.

ఇంతలో రోజూ సాయంత్రం అమ్మాయి ఫోను. "మేస్త్రి గారు ఏమన్నారు?" "కొలతలు తీసుకుంటున్నాడు." "ఇన్ని రోజులా?" "ఇల్లు పెద్దది కదా." రెండు గదుల ఇల్లు! శుక్రవారం ఆయన వచ్చి "చెప్పారా?" అని అడిగి, లేదన్నాక కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యడానికి కన్నం పెట్టే పని తప్ప ఇంక మిగల్లేదు. పెన్సిలు సున్నాలు గోడల మీద నన్నే చూస్తున్నాయి. నాకు ఆయన మీద కోపం పోయి నా మీద నాకు సిగ్గేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి నాకోసం ఐదు రోజులు వచ్చి కూర్చున్నాడు, కన్న కూతురికి ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

శనివారం మధ్యాహ్నం దుకాణం మూసి అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను, కూర్చోనిస్తే మళ్ళీ మనసు మారుతుందని.

"మూడు వారాల కిందట పడ్డాను. నడవాలో. నీకు చెప్పలేదు."

ఒక చెప్పు చేతిలో అలాగే ఉండిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఎంతసేపున్నావలా?"

"రెండు గంటలు."

"ఫోను ఎక్కడుంది?"

బల్ల మీద ఉందని, అందలేదని చెప్పొచ్చు. ఆ అబద్ధం మూడు వారాలుగా నా నాలుక మీద సిద్ధంగా ఉంది. 

"చేతిలోనే ఉంది," అన్నాను. "ఛార్జరు వైరు పట్టి లాగితే బల్ల మీంచి కింద పడింది. నీ నంబరు కూడా తీశాను."

"తీసి?"

"చేస్తే తీసుకెళ్ళిపోతావని..."

తను నడవాలోకి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. ఆ కింది గుర్తు పక్కన, నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే ఇలాగే కూర్చునేది. "నేను వస్తానని నీకు భయమేసిందా అమ్మా?" అంది. అవునంటే దాని మనసు విరుగుతుంది, కాదంటే మళ్ళీ అబద్ధం. గురువారం నేర్చుకున్న పాఠాన్ని తిరగేసి, కుర్చీ పట్టుకుని మోకాళ్ళ మీద మెల్లగా దిగి దాని పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఎవరం ఎవర్నీ ఊరుకోబెట్టలేదు.

చాలాసేపటికి అంది: "బండి తేనులే. కానీ పడితే ముందు నాకే ఫోను చెయ్యి. నిన్ను లేపడానికి వస్తాను. తీసుకెళ్ళడానికి రాను."

ఆదివారం పొద్దున్నే మేస్త్రి వచ్చాడు. ఈసారి "చెప్పారా?" అని అడగలేదు. మా అమ్మాయి మొహం చూసి డ్రిల్లు బయటికి తీశాడు. గోడని వేలి కణుపుతో తట్టి, గుల్ల లేని చోటు చూసి, వాలు లేకుండా రసమట్టం పెట్టి, వేలంత పొడవు బోల్టులు దించి, మధ్యాహ్నానికి పదకొండు సున్నాలూ కలిసొచ్చేలా ఏడు కడ్డీలు బిగించాడు. ప్రతి దానికీ వేలాడాడు. తువ్వాలు కోసం పెట్టిన చిన్న కడ్డీకి కూడా అన్నే బోల్టులు వేసి అంతసేపూ వేలాడాడు. నేను నవ్వలేదు. ఆ మనిషి కాళ్ళు ముడుచుకుని కళ్ళు మూసుకుని లెక్కపెడుతుంటే నాకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, నా బింకం నాకుంది. టీ మాత్రం పెట్టిచ్చాను.

మా అమ్మాయి ఆయన్ని నిలదీసింది. "మీకు సోమవారమే తెలుసు కదా. నాకెందుకు చెప్పలేదండీ?"

"నేను చెబితే, ఈసారి పడ్డప్పుడు ఇంకా జాగ్రత్తగా దాస్తారమ్మా," అన్నాడు, చీపురు తీసుకుని గోడ పొడి ఊడుస్తూ.

రెండు నెలలు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం స్నానం చేస్తుంటే సబ్బు నీళ్ళ మీద కాలు జర్రున జారింది. నేను ఆలోచించేలోపే నా చెయ్యి వెళ్ళి కడ్డీని పట్టేసుకుంది. నిలబడే ఉన్నాను. ఒళ్ళు తుడుచుకుని, బట్టలు కట్టుకుని, మంచం మీద కూర్చున్నాను. దెబ్బ లేదు, గీత లేదు. ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. ఫోను తీసుకుని దుకాణానికి చేశాను.

"పడలేదే," అన్నాను. "పడబోయాను. కడ్డీ దొరికింది. ఊరికే, నీకు చెబుదామనిపించింది."

అవతల షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "వస్తున్నా," అంది.

"పడలేదన్నానుగా!"

"అందుకే వస్తున్నానమ్మా."